ఇంటి వెలయు నోటి మాటయు

చదువవలసిన భాగములు: ఆదికాండము 23వ అధ్యాయము, అపొస్తలుల కార్యములు 4:36 నుండి 5:11 వరకు, ఎఫెసీయులకు 1:13, 14.



శారా 127 సంవత్సరములు బ్రదికి కనాను దేశమందలి హెబ్రోనులో మృతినొందినప్పుడు, ఆమెను పాతిపెట్టుటకు అబ్రాహామునకు జానెడు నేల లేదు. ఆ దేశమంతయు అతని సంతానమునకు ఇచ్చెదనని దేవుడు వాగ్దానము చేసియుండెను. అయినను ఆ దినమున అతడు అక్కడ పరదేశియే. అతడు హేతు కుమారుల యెదుట వంగి నమస్కరించి, ఎఫ్రోను పొలములోని మక్పేలా గుహను పూర్తి వెలకు ఇప్పించుడని వేడుకొనెను. ఊరకనే తీసికొమ్మని ఎఫ్రోను మర్యాదకు పలికినను అబ్రాహాము ఊరక తీసికొనలేదు. 400 తులముల వెండి అని వెల తెలియగానే, వర్తకులలో చెల్లునట్టి వెండిని, ఊరి గవినియొద్ద అందరును వినుచుండగా తూచి యిచ్చెను. పొలమును, గుహయు, పొలిమేరలోని చెట్లును అతనికి స్థిరమాయెను.

ఈ మాసమందు ఈ అధ్యాయమును ధ్యానించుటకు మాకొక కారణము కలదు. మన సంఘముల బిడ్డలు కొందరు నర్సులుగాను, డాక్టర్లుగాను, కంప్యూటరు పనివారుగాను ఇంగ్లండు దేశమునకు వెళ్లియున్నారు. కొన్ని యేండ్లు అద్దె యిండ్లలో కాపురముండి, పిమ్మట స్వంత ఇల్లు కొనదలచుచున్నారు. అది మంచి కోరికయే. అయితే అక్కడ ఇల్లు కొనువానిని మొదట అడుగు ప్రశ్న ఒకటున్నది: ఇంత వెల యిచ్చెదనను నీయొద్ద ఆ సొమ్ము నిజముగా ఉన్నదా? ఉన్నయెడల చూపుము. ఆ ప్రశ్న సముద్రము దాటి మన పల్లెలకు కూడ వచ్చుచున్నది. కొడుకో కూతురో పంపిన ఇంగ్లీషు కాగితముమీద, అందులో ఏమున్నదో తెలియకయే సంతకము చేయు తలిదండ్రులున్నారు. కావున ఆ ప్రశ్న ఎట్టిదో, విశ్వాసి దానికెట్లు జవాబియ్యవలెనో వాక్యపు వెలుగులో చూతము.

ఇంగ్లండులో సాధారణముగా అమ్మువానికిని కొనువానికిని నడుమ ఏజెంటు ఉండును. అతడు అమ్మువాని పక్షమున పనిచేయును. అతని రుసుము అమ్మువాడే యిచ్చును. కొనువాడు ఇంత యిత్తునని చెప్పినప్పుడు ఏజెంటు రుజువు అడుగును. ఆ రుజువు నోటిమాట కాదు. కొనువాని బ్యాంకు స్టేట్‌మెంటులు. ఇంటిమీద ఇంతవరకు అప్పు ఇయ్యగలమని బ్యాంకు ముందుగా వ్రాసియిచ్చిన పత్రము. పాత ఇల్లు అమ్మగా వచ్చు సొమ్మైనయెడల ఆ అమ్మకపు కాగితములు. తలిదండ్రులు ఇచ్చిన సొమ్మైనయెడల ఇది మా బహుమానమని వారు సంతకము చేసిన ఉత్తరము. ఇవియే ఆ రుజువులు. ఆ మీదట సొలిసిటరు, అనగా క్రయపత్రములు వ్రాయించు వకీలు, మరియొక ప్రశ్న వేయును: ఈ సొమ్ము నీకు ఎక్కడనుండి వచ్చెను? సొమ్ము ఉన్నదా అనునది ఒకటి, ఎట్లు వచ్చెననునది మరియొకటి. రెంటికిని జవాబు కావలెను.

ఇట్లు అడుగుట మనలను అవమానించుటకు కాదు. రెండు కారణములున్నవి. మొదటిది చట్టము. దొంగసొమ్మును, లంచపు సొమ్మును ఇండ్లలో పెట్టి తెల్లసొమ్ముగా మార్చుకొను దుష్టులు అనేకులు గనుక, 2017లో అక్కడ అమలునకు వచ్చిన నిబంధనల ప్రకారము ఏజెంటు అమ్మువానిని మాత్రమే గాక కొనువానిని కూడ ఎవరైనది విచారింపవలెను. రెండవది పొరుగువాని క్షేమము. మనకు ఇల్లు అమ్మువాడు ఆ సొమ్ముతో మరియొక ఇల్లు కొనదలచియుండును. వానికి అమ్మువాడు వేరొకటి చూచుకొనియుండును. ఇట్లు అనేక కుటుంబములు ఒకదానికొకటి కట్టబడియుండును. అక్కడివారు దీనిని గొలుసు అనియే పిలుతురు. ఇంగ్లండులో ఒప్పంద పత్రములు ఉభయులు మార్చుకొనువరకు ఎవరికిని కట్టుబాటు లేదు. కావున సొమ్ములేనివాడు ఉన్నదని చెప్పి, కడపటి ఘడియలో చేతులెత్తిన యెడల, వకీలుకును ఇంటి తనిఖీకిని ఖర్చుపెట్టి, మూటలు కట్టుకొని కూర్చున్న ఎన్నో కుటుంబములు నష్టపోవును. వారిలో ఒక్కరి ముఖమైనను మన మెరుగము. అయినను వారు మన పొరుగువారే.

1. అబ్రాహాము తూచి యిచ్చెను

విశ్వాసులకు తండ్రియైనవాడు తన్ను నమ్ముమని హేతు కుమారులను బలవంతపెట్టలేదు. నేను దేవుని స్నేహితుడను, నాకు త్రాసు ఎందుకనలేదు. వెండిని త్రాసులో వేసెను. సొమ్ము చూపుట విశ్వాసమునకు తక్కువతనము కాదని ఇందువలన నేర్చుకొనుచున్నాము. యిర్మీయాయు అట్లే చేసెను. బబులోను సేన యెరూషలేమును ముట్టడివేసియున్న కాలమందు అతడు అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొని, పత్రము వ్రాసి ముద్రవేసి, సాక్షులను పిలిపించి, సొమ్మును తూచి యిచ్చెను (యిర్మీయా 32వ అధ్యాయము). దేవుని ఆజ్ఞచేత కొన్న పొలమునకే సాక్షులును పత్రమును కావలసివచ్చినప్పుడు, మన కొనుగోలునకు అక్కరలేదని చెప్పగలమా?

మరియు మన ప్రభువు గోపురము కట్టదలచినవాని ఉపమానము చెప్పెను (లూకా 14:28-30). పని మొదలుపెట్టక మునుపే కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనవలెను. ఇల్లు చూచి మనసుపడి, మాట ఇచ్చి, ఆ తరువాత సొమ్ముకొరకు వెదకుట తలక్రిందుల పని. ముందు లెక్క, తరువాత మాట. ఆలాగు చేసినవానికి ఏజెంటు అడుగు రుజువు భయము కాదు. తాను ఇంతకుముందే వేసికొన్న లెక్కను వానికి చూపుటయే.

మన ప్రాంతములలో ఇండ్లస్థలము కొనువారు కూడ ఈ మాట వినవలెను. అబ్రాహాము పూర్తి వెల అందరి యెదుట చెప్పెను. మనమో, ఇచ్చినది ఒకటి, దస్తావేజులో వ్రాయించునది మరియొకటి. స్థిరాస్తి అమ్మకములో 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనకూడదని 2015 నుండి మన దేశములో చట్టమున్నది. అందరును చేయుచున్నారు గదా అనుట త్రాసులో నిలువదు. రెండు విధముల తూనికరాళ్లు సంచిలో ఉంచుకొనుట యెహోవాకు హేయమని ధర్మశాస్త్రము బోధించుచున్నది (ద్వితీయోపదేశకాండము 25:13-16). రెండు విధముల వెలలు కాగితముమీద పెట్టుట దానికి భిన్నమైనదా?

2. హిజ్కియా అడుగనిది చూపెను

సొమ్ము చూపుట తప్పు కాదు. అయితే చూపుటలో మితము కలదు. హిజ్కియా రోగమునుండి స్వస్థపడినప్పుడు బబులోను రాజు పంపిన దూతలు వచ్చిరి. వారు అడిగినట్లు వ్రాయబడలేదు. అయినను అతడు తన వెండిని, బంగారమును, సుగంధద్రవ్యములను, ఆయుధశాలను, సమస్తమును చూపెను (2 రాజులు 20:12-19). యెషయా వచ్చి, వారు నీ యింట ఏమేమి చూచిరని అడిగెను. చూడనిది ఏదియు లేదని రాజు ఒప్పుకొనెను. చూపినదంతయు ఒక దినమున బబులోనునకు కొనిపోబడునని ప్రవక్త తెలియజేసెను.

ఇల్లు కొనువానికి ఇందులో బుద్ధి యున్నది. ఏజెంటు మర్యాదస్థుడే గావచ్చును, అయినను అతడు అమ్మువాని పనివాడు. 3,00,000 పౌండ్లు ఇత్తునన్నవాడు ఆ వెలకును దాని ఖర్చులకును చాలిన రుజువు చూపిన చాలును. నాయొద్ద ఇంకను ఎంతో ఉన్నదని చూపినయెడల అమ్మువాడు వెల తగ్గించునా, హెచ్చించునా? అబ్రాహాము మందలును వెండి బంగారములును గలవాడైనను, ఎఫ్రోను యెదుట వెలకు తగిన వెండినే తూచెను. తక్కినది మూటవిప్పి చూపలేదు. మరియు బ్యాంకు కాగితములు ఎవరికి పంపుచున్నామో నిశ్చయముగా తెలిసికొని పంపవలెను. ఏజెంటు పేరుతోను వకీలు పేరుతోను అబద్ధపు సందేశములు పంపి సొమ్ము కాజేయువారున్నారు. సొమ్ము పంపకముందు, మనకు ఇదివరకే తెలిసిన ఫోను నంబరుకు మాటలాడి ఖాతా సంఖ్యను సరిచూచుకొనుట వివేకము.

తలిదండ్రులారా, మనకును ఒక మాట. మా అబ్బాయి ఇంత వెలగల ఇల్లు కొనెనని ఊరంతట చాటుట హిజ్కియా చేసిన పనియే. వినువానికి అసూయ, చెప్పువానికి అతిశయము, వీటితో పాటు అప్పు అడుగవచ్చువారి వరుస. కృతజ్ఞత కలిగినయెడల దేవుని యెదుట చెప్పుకొందము.

3. అననీయ ఒకటి చేసి మరియొకటి చెప్పెను

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాము. ఇంగ్లండులోని బిడ్డకు సొమ్ము చాలనప్పుడు రెండు శోధనలు వచ్చును.

మొదటిది, స్నేహితులయొద్ద సొమ్ము బదులుతెచ్చి కొన్నాళ్లు ఖాతాలో ఉంచి, స్టేట్‌మెంటు తీసికొని, మరల తిరిగి యిచ్చుట. పైన పటారము, లోన లొటారము అని మన పెద్దలు చెప్పు సామెత ఇదియే. అక్కడివారు ఒక్క దినపు నిలువను చూచి ఊరకొనరు. కొన్ని మాసముల లెక్క చూచి, హఠాత్తుగా వచ్చిన పెద్ద మొత్తము ఎక్కడిదని అడుగుదురు. ఒక అబద్ధమునకు మరియొక అబద్ధము కావలసివచ్చును.

రెండవది మన యింటికి వచ్చునది. తండ్రి ఎకరము తాకట్టుపెట్టియో, తల్లి నగలు కుదువపెట్టియో సొమ్ము పంపును. రెండు మూడేండ్లలో తీర్చెదనని కొడుకు మాట ఇచ్చును. ఇది అప్పు. అయితే వచ్చిన కాగితములో ఇట్లుండును: ఈ సొమ్ము మేము బహుమానముగా ఇచ్చుచున్నాము, తిరిగి అడుగము, ఆ యింటిలో మాకు ఏ హక్కును లేదు. బ్యాంకువారు ఈ మాట ఎందుకు అడుగుదురనగా, కొడుకు తలిదండ్రులకు కూడ నెలనెల తీర్చవలసియున్నయెడల బ్యాంకు అప్పు తీర్చు శక్తి తగ్గును. తలిదండ్రులు ఇంటిలో పాలు అడిగినయెడల బ్యాంకు హక్కునకు చిక్కు వచ్చును. అడుగుట న్యాయమే. అప్పును బహుమానమని వ్రాసి సంతకము చేయుట అన్యాయము.

అననీయ సంగతి జ్ఞాపకము చేసికొనుడి. అతడు పొలము అమ్మి, వెలలో కొంత దాచుకొని, తక్కినది తెచ్చి ఇదియే అంతయు అన్నట్లు అపొస్తలుల పాదములయొద్ద పెట్టెను. అమ్మకమునుపు ఆ పొలము అతనిదే, అమ్మిన పిమ్మటను వెల అతని వశముననే యుండెనని పేతురు స్పష్టముగా చెప్పెను. కొంత ఉంచుకొనుట పాపము కాదు. సగమిచ్చితినని చెప్పినయెడల ఎవరును నిందింపరు. ఒకటి చేసి మరియొకటి చెప్పుటయే అతని నాశనము. అట్లే బిడ్డకు అప్పిచ్చుట పాపము కాదు. అప్పు అని చెప్పుట సిగ్గు కాదు. అప్పు అని చెప్పినయెడల బ్యాంకు తక్కువ ఇయ్యవచ్చును, లేక ఇయ్యకపోవచ్చును. అప్పుడు చిన్న ఇల్లు కొనవచ్చును, లేక ఇంక రెండేండ్లు ఆగవచ్చును. ఆగుటవలన ఎవరును చావలేదు.

ఈ అబద్ధము ఎవరిని కొట్టునో చూడుడి. కొన్నాళ్లకు తండ్రికి ఆపరేషను వచ్చును, లేక చెల్లెలి వివాహము కుదురును. తండ్రి సొమ్ము అడుగును. కోడలో, వకీలో, లేక కొడుకే ఆ కాగితము చూపినయెడల ఆయన ఏమి చెప్పగలడు? తన చేతివ్రాతయే తనకు విరోధముగా సాక్ష్యము పలుకును. ఒక బిడ్డ ఇది బహుమానమనును, మరియొక బిడ్డ ఇది అప్పు అనును. అన్నదమ్ములు ఒకరి గడప ఒకరు తొక్కరు. ప్రభువు బల్లయొద్దకు కలిసి రారు. ఎకరము పోయెను, మాట పోయెను, సమాధానమును పోయెను. కొర్బాను, అనగా దేవునికి అర్పితమైనది, అను మాటను అడ్డుపెట్టుకొని తలిదండ్రులకు ఏమియు చేయకపోయిన వారిని మన ప్రభువు గద్దించెను (మార్కు 7:9-13). బహుమానము అను మంచి మాట ముసలి తలిదండ్రుల నోరు మూయు సాధనమైనయెడల ఆ గద్దింపు మనకును తగులును.

సప్పీరాను కూడ మరువకుడి. దాదాపు మూడు గంటల తరువాత ఆమె వచ్చినప్పుడు పేతురు ఆమెను వేరుగా అడిగెను. భర్త ఏమి చెప్పెనో ఆమెకు తెలియదు. సత్యము చెప్పుటకు ఆమెకు స్వంతముగా ఒక అవకాశము దొరకెను. భార్య సంతకము భర్త సంతకపు నీడ కాదు. మన యిండ్లలో తల్లిని పిలిచి, ఇక్కడ చేయి పెట్టుమని కాగితము ముందు పెట్టుట వాడుక. నగలు ఆమెవి, పుట్టింటివారు ఇచ్చిన నేల ఆమెది. ఆమెకు చదివి వినిపింపకుండ సంతకము తీసికొనుట ఆమెను దోచుకొనుటయు, ఆమెను అబద్ధములో పాలివారిని చేయుటయు నగును.

కావున సంఘస్థులకు మా మనవి యిది. కాగితము వచ్చినప్పుడు ప్రతి మాటను తెలుగులో చెప్పించుకొనుడి. ఈ సొమ్ము ఎన్నటికిని తిరిగి రాకపోయినను మనసార దీవింపగలమా అని భార్యాభర్తలు ప్రార్థనచేసి ఒకరినొకరు అడుగుకొనుడి. దీవింపగలిగినయెడల బర్నబా తన భూమి అమ్మి వెల తెచ్చి పెట్టినట్లు సంతోషముతో ఇయ్యుడి, సంతకము చేయుడి, ఇక దానిని ఎత్తి చూపకుడి. దీవింపలేనియెడల ఇది అప్పు అని చెప్పి, అప్పుగానే వ్రాయించుకొని, ఆ సంగతి బిడ్డచేత అక్కడి వకీలుకు తెలియపరపించుడి. తక్కిన బిడ్డలకు తెలియకుండ నేల అమ్మకుడి. ఉన్న ఒక్క ఎకరము అమ్మకుడి. సొమ్ము బ్యాంకు ద్వారానే పంపుడి. ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరములో 2,50,000 అమెరికా డాలర్ల వరకు పంపుటకు 2015 నుండి మన దేశపు నియమములు సెలవిచ్చుచున్నవి గనుక హవాలావారి గడప త్రొక్కనక్కరలేదు. పొలము అమ్మిన దస్తావేజు నకలును, బ్యాంకు పుస్తకమును భద్రపరచుడి. ఈ సొమ్ము ఎక్కడిదను ప్రశ్నకు అవియే జవాబు. సంఘకాపరులును పెద్దలును తాము ఎరిగిన నిజమునకు మాత్రమే సాక్షి సంతకము చేయవలెను.

దూరముననున్న బిడ్డలారా, మీ తలిదండ్రులు మీ మాటకు కాదనలేరు. అందుచేతనే మీరు అడుగుటలో భయభక్తులు కలిగియుండవలెను.

4. మనకు దొరకిన సంచకరువు

మక్పేలా కొనుగోలు ఎంత నిలిచెనో చూడుడి. ఆ గుహలో శారా తరువాత అబ్రాహాము, ఇస్సాకు, రిబ్కా, లేయా పాతిపెట్టబడిరి. ఆదికాండములోని వయస్సులు కూడి చూచినయెడల శారా మరణమునకు 170 సంవత్సరముల పిమ్మట యాకోబు ఐగుప్తులో మరణశయ్యమీద ఉండెను. అప్పుడతడు తన కుమారులకు ఆ గుహను, ఆ పొలమును, అమ్మినవాని పేరును, కొన్నవాని పేరును దస్తావేజు చదివినట్లు చెప్పెను (ఆదికాండము 49:29-32). తాత తూచి యిచ్చిన వెండి మనుమనికి ఆదరణయాయెను. సత్యముగా కొన్నది తరతరములు నిలుచును.

అయినను అబ్రాహాము చూపు ఆ గుహతో ఆగలేదు. దేవుడు కట్టిన పట్టణముకొరకు అతడు ఎదురుచూచెను (హెబ్రీయులకు 11:9, 10). ఆ పట్టణపు గవినియొద్ద నీవు చూపగల రుజువు ఏదని అడిగినయెడల, సహోదరుడా, సహోదరీ, మన ఖాతాలో ఏమున్నది? మన నీతిక్రియలా? బదులుతెచ్చుకొన్న భక్తియా? ఆదివారము మాత్రము కనబడు నిలువయా? ఇక్కడ అబ్రాహామును మనతోపాటు వట్టి చేతులతోనే నిలువవలసినవాడు.

సువార్త ఏమనగా, వెల మరియొకరు చెల్లించిరి. వెండి బంగారములచేత కాదు, నిష్కళంకమైన గొఱ్ఱెపిల్లవంటి క్రీస్తు రక్తముచేత మనము కొనబడితిమి (1 పేతురు 1:18, 19). ఇది నిజమైన బహుమానము. తిరిగి అడుగబడునను చాటు ఒప్పందము దీని వెనుక లేదు. అంతేకాదు, మనము దేవునికి రుజువు చూపుటకు బదులుగా దేవుడే మనకు రుజువు నిచ్చెను. పౌలు దానిని సంచకరువు అనెను. పశువుల సంతలోగాని, పొలపు బేరములోగాని సంచకరువు ఇచ్చినవాడు తక్కినది చెల్లించి వస్తువును తనదిగా తీసికొనునని మనకందరికి తెలియును. మనుష్యులు సంచకరువు ఇచ్చి మాట తప్పుదురు. దేవుడు తన ఆత్మనే మన హృదయములలో సంచకరువుగా పెట్టెను; ఆయన మాట తప్పడు. తన తండ్రి యింట అనేక నివాసములున్నవనియు, మనకు స్థలము సిద్ధపరచ వెళ్లుచున్నాననియు చెప్పిన ప్రభువు (యోహాను 14:2, 3) తిరిగి వచ్చును.

ఇట్టి ఇల్లు ఉచితముగా పొందినవారు, ఇటుకల ఇంటికొరకు తమ నోటిని అమ్ముకొందురా? పరలోకమందు స్థలము నిశ్చయమైనవాడు భూమిమీద చిన్న ఇంటిలో ఉండగలడు, అద్దె ఇంటిలోను ఉండగలడు. ఉన్నది ఉన్నదనియు, లేనిది లేదనియు చెప్పగలడు.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా బిడ్డలు ఎక్కడ నున్నను వారికి తలదాచుకొను చోటు దయచేయుము. వారి లెక్కలు నిజమైనవిగాను, వారి సంతకములు యథార్థమైనవిగాను ఉండనిమ్ము. అడిగినవారికి కాదనలేని మా తలిదండ్రులను కాపాడుము. వెల చెల్లించిన నీ కుమారునియందు మమ్మును స్థిరపరచుము. ఆయన నామమున వేడుచున్నాము. ఆమేన్.